బహుశా బాబాయి, పేరు తేలని పొద

పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని, చిటికెన వేలంత కొమ్మని ఎడమచేత్తో వంచి పట్టుకుని, కుడిచేత్తో జేబుకత్తి తెరిచి, బెరడుని గోరంత మేర ఒలిచాడు బాబాయి. లోపల పసుపుపచ్చగా ఉంది. ఆ ముక్కని నాలిక మీద పెట్టుకున్నాడు. పెట్టుకున్న క్షణంలో ఆయన కళ్లు మూసుకుపోయాయి, చెవులు వెనక్కి పోయాయి, ముఖం పిండిన తడిగుడ్డలా అయిపోయింది.

"ఏమండీ, ఏమైంది?" వంటింటి కిటికీలోంచి కేకేసింది పిన్ని.

బాబాయి మూడుసార్లు ఉమ్మి, మూతి తుడుచుకుని, కాసేపు ఆలోచించాడు.

"బహుశా చేదు," అన్నాడు.

ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క జబ్బు అది. కళ్లారా చూసినదాన్నీ, చేత్తో పట్టుకున్నదాన్నీ, నాలిక మీద పెట్టుకుని గిలగిల్లాడినదాన్నీ కూడా 'బహుశా' లేకుండా బయటికి వదలడు. అందుకే ఊళ్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఉత్తరాలు పంచే అతను కూడా గేటు దగ్గర నిలబడి "బహుశా బాబాయిగారూ!" అనే పిలుస్తాడు. "ఈ ఉత్తరం మీదేనా?" అని మాత్రం అడగడు. అడిగితే ఏం వినాల్సొస్తుందో అతనికి తెలుసు.

ముప్ఫై ఎనిమిదేళ్ల క్రితం రిజిస్ట్రారు ఆఫీసులో, "ఈ పెళ్లి మీకు ఇష్టమేనా?" అని ఆఫీసరు అడిగినప్పుడు కూడా బాబాయి "బహుశా" అన్నాడు. ఆఫీసరు కలం కింద పెట్టేశాడు. పిన్ని వాళ్ల నాన్న కుర్చీలోంచి సగం లేచాడు. అప్పుడు బాబాయి చాలా మర్యాదగా వివరించాడు. "నాకు ఇష్టం ఉంది సార్. ఈమెకి నేను సరిపోతానా అన్నది ఇంకా తేలలేదు కదండీ." పిన్నికి నవ్వాగలేదు. నవ్వుతూనే సంతకం పెట్టేసింది. ఆ సంగతి ఇంతకీ తేలిందా అని ఏడాదికోసారి అడుగుతూనే ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆ ఒక్క మాట.

తప్పు ఆయనది కాదు, పనిది. బాబాయి త్రాసులు బాగుచేసేవాడు. బంగారం కొట్టువాళ్లూ మందుల కొట్టువాళ్లూ ఆయన దగ్గరికే వచ్చేవారు. పెద్ద చదువు లేదు, గురువు లేడు. విప్పి, చూసి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. త్రాసు ముల్లు ఊగుతున్నంతసేపూ నోరు తెరవకూడదన్నది ఆయన నియమం. నలభై ఏళ్లు ఆ ముల్లు కేసి చూసీ చూసీ, లోకంలో ఊగడం మానేసిన ముల్లంటూ ఉండదని తేల్చుకున్నాడు.

ఇల్లంతా చీటీలే. అట్టముక్క మీద పెన్సిలుతో రాసి, దారంతో కట్టిన చీటీలు. "ఉప్పు, బహుశా." "పంచదార, బహుశా." కొత్తగా వచ్చిన చుట్టాలు టీ తాగేముందు కప్పుని అనుమానంగా చూసేవారు. "పెన్సిలైతే తప్పు తేలినప్పుడు చెరుపుకోవచ్చు," అంటాడు బాబాయి.

చెరపడానికి వీల్లేని చీటీలు ఆ ఇంట్లో మూడే ఉన్నాయి. పాత డబ్బా రేకు కత్తిరించి, ఒక్కో అక్షరాన్నీ ఉక్కు పంచ్‌తో సుత్తిదెబ్బ కొట్టి అచ్చువేసినవి. ఒకటి కరెంటు మెయిన్ స్విచ్‌కి, ఒకటి గ్యాసు పైపుకి, మూడోది ఎలకలమందు సీసాకి. "వీటి దగ్గర పొరపాటు పడితే మనిషికి ముప్పు. ఇక్కడ బహుశా పనికిరాదు," అన్నాడు ఒకసారి. అన్నాక, "బహుశా," అని కలిపాడు.

బెరడు నాకిన రోజు మధ్యాహ్నం కూడా బాబాయి పనిగదిలోంచి గంటసేపు టక్ టక్‌మని సుత్తిచప్పుడు వినిపించింది. ఏ త్రాసో అనుకుంది పిన్ని. పట్టించుకోలేదు.

ఇంతకీ ఆ పొద సంగతి. వరసగా ఉన్న ఆరిళ్లకీ కలిపి వెనక ఒకటే పెరడు. ఆ పెరట్లో నీళ్లగొట్టం పక్కన మనిషికన్నా ఎత్తుగా, చీపురు తలకిందులుగా నిలబెట్టినట్టు, సన్నటి కొమ్మలతో ఒక పొద ఉంది. ఎవరు నాటారో తెలియదు, ఏమిటో తెలియదు. పువ్వంటే పువ్వు కాదు, కాయ లేదు, నీడ లేదు. ఉన్న ఒక్క ఉపయోగం, బాబాయి ఇంటి మెట్ల కింద గదిలో కొట్టు పెట్టుకున్న బుట్టలక్క తన తుడుపుగుడ్డ దానిమీద ఆరేసేది. పన్నెండేళ్లుగా ఆరేస్తోంది.

బుట్టలక్క బుట్టలు అల్లుతుంది. ఊళ్లో బేకరీ రొట్టెలన్నీ ఆమె బుట్టల్లోనే కూర్చుంటాయి. అయితే పుల్లలు సరఫరా చేసే దుకాణం ఆ ఏడు మూతపడింది. ఎండిన పుల్లలు కట్టలు కట్టలుగా అక్కడినుంచే వచ్చేవి. అవి ఏ చెట్టువో ఆమె ఎన్నడూ చూడలేదు, చూడాల్సిన పనీ పడలేదు. గోడవారగా మిగిలిన నాలుగు కట్టలు అయిపోతే కొట్టు మూసుకోవడమే. లాండ్రీవాళ్లు దుప్పట్లు మడతపెట్టే పనికి రమ్మంటున్నారు.

సరిగ్గా అప్పుడే ఆరిళ్ల కమిటీ ప్రెసిడెంటు కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయనది నాలుగో ఇల్లు. కొత్తగా కారు కొన్నాడు. కారు పెట్టుకునే చోటు కోసం కలలో కూడా కొలతలు తీస్తున్నాడు.

"బాబాయిగారూ, మురుగుగొట్టాలు మార్చే కాంట్రాక్టరు వీధి ఆ చివర మొదలుపెట్టాడు. మన పెరటిదాకా రావడానికి చాలా నెలలు పడుతుందనుకోండి. ఈలోగా ఈ పొద పీకేసి శుభ్రం చేసుకుంటే బాగుంటుంది కదా. కొత్త గొట్టం ఎలాగూ దాని కిందనుంచే పోవాలి."

"పోవాలి," ఒప్పుకున్నాడు బాబాయి.

"అయితే ఇక్కడ 'మొక్క పేరు' అని గడి ఉంది. కమిటీలో మొక్కల సంగతి చూసే సభ్యులు మీరే. పేరు రాసి సంతకం పెడితే రేపే పీకించేస్తా."

ఆ గడి పెట్టడానికి కారణం ఉంది. ఐదేళ్ల క్రితం ఇదే ప్రెసిడెంటు పిచ్చిమొక్క అనుకుని మూడో ఇంటావిడ మల్బరీ చెట్టు కొట్టించాడు. అప్పట్నుంచీ పేరు తేలకుండా పెరట్లో ఏదీ కొట్టకూడదని తీర్మానం.

బాబాయి కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని, కాగితం చదివి, పొద కేసి చూసి, మెట్ల కింద గది కేసి చూసి, మళ్లీ కాగితం చదివాడు.

"అదేమిటో ఇప్పుడప్పుడే రాయలేనండీ."

"ఏదో ఒకటి రాయండి సార్!"

"ఏదో ఒకటి అనుకునే మల్బరీ కొట్టించాం."

ప్రెసిడెంటు వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా ఆకు ఒకటి పట్టుకుని వచ్చాడు. "ఆలివ్ అండీ! మా బావమరిది ఫోటో చూసి చెప్పాడు."

"బహుశా," అన్నాడు బాబాయి. "ఆలివ్ అయితే చలికాలంలో ఆకు రాల్చదు. చలికాలం దాకా చూద్దాం."

"ఇది వానాకాలం!"

"అవునండీ. బహుశా."

ఈసారి ప్రెసిడెంటు పట్టుదలగా లైబ్రరీకి పోయి, దిండంత పుస్తకం మోసుకొచ్చాడు. మధ్యలో వేలు పెట్టుకుని పరుగున వచ్చాడు. "విల్లో! ఇదిగో బొమ్మ! అచ్చం ఇదే! రాసెయ్యండి, విల్లో!"

బాబాయి కప్పు కింద పెట్టాడు. పిన్నికి బాగా గుర్తుంది, ఆ కప్పు సాసరులో కొంచెం గలగల్లాడింది.

"ఏదీ, పుస్తకం ఇలా ఇవ్వండి... ఆఁ, ఇక్కడేమని ఉంది? విల్లోకి ఆకులు కొమ్మకి ఒకటి ఇటు, ఒకటి అటు, మార్చి మార్చి వస్తాయని ఉందా?"

"ఉంది."

"ఇప్పుడు మన పొద చూడండి."

ముగ్గురూ వెళ్లి చూశారు. ఆకులు జంటలు జంటలుగా, ఎదురెదురుగా ఉన్నాయి.

ప్రెసిడెంటు ముఖం వాడిపోయింది. "అయితే విల్లో కాదా?"

"తేలలేదు అంటున్నాను. ఆకు రాలాలి. మొగ్గ కనబడాలి. మొగ్గని కప్పే పొలుసు టోపీలు ఎన్నో చూడాలి."

"మొగ్గకి టోపీలా!"

"కొన్నిటికి చాలా ఉంటాయి. కొన్నిటికి ఒకటే."

ప్రెసిడెంటు దిండు చంకన పెట్టుకుని పోతూ, గేటు దగ్గర ఆగి పిన్నితో అన్నాడు. "అమ్మా, మీరు ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఎలా..."

"చీటీలు చదవడం మానేశాను నాయనా. అంతే కిటుకు," అంది పిన్ని.

పైకి నవ్వింది గానీ ఈసారి పిన్నికి లోపల మండింది. ఎందుకంటే రోజులు గడిచేకొద్దీ బుట్టలక్క కట్టలు నాలుగు కాస్తా మూడయ్యాయి, మూడు కాస్తా ఒకటయ్యాయి. ఆకులు పండుబారుతున్న రోజుల్లో ఒక సాయంత్రం బుట్టలక్క వచ్చి గడప మీద కూర్చుంది.

"బాబాయ్, లాండ్రీవాళ్లకి నెలాఖరులోపల మాట చెప్పాలట. ఒప్పేసుకోమంటావా? ఇంకెక్కడైనా పుల్లలు దొరుకుతాయంటావా?"

బాబాయి గడ్డం గోక్కున్నాడు. "బహుశా."

"ఏది బహుశా? ఒప్పుకోవడమా, దొరకడమా?"

"...ఇంకో నెల చూడరాదూ?"

"ఏం చూసుకుని చూడమంటావు బాబాయ్?"

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బుట్టలక్క లేచి వెళ్లిపోయింది. ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగగానే పిన్ని అందుకుంది.

"సిగ్గు లేదూ మీకు? ఉప్పు మీద చెప్పండి బహుశా. వర్షం మీద చెప్పండి. నన్ను పట్టుకుని చెప్పినా పడ్డాను. మనిషి బతుకుతెరువు అడుగుతుంటే కూడా అదే మాటా? ఆవిడకేం కావాలి? అవును, కాదు. రెండిట్లో ఒక ముక్క!"

"ముల్లు ఇంకా ఊగుతోందోయ్."

"మీ ముల్లు నూతిలో పడ!" అని పిన్ని దభాలున కుర్చీలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే కుర్చీలోకి దిగబడిపోయింది. అడుగు ఊడిపోయింది.

అది నెలలో నాలుగో కుర్చీ. ఏం పట్టిందో గానీ ఆ ఇంట్లో తాడుతో అల్లిన కుర్చీల అడుగులు ఒకదాని వెనక ఒకటి తెగిపోతున్నాయి. బాబాయి ఆ కుర్చీని అప్పుడే బుజాన వేసుకుని బుట్టలక్క కొట్టుకి తీసుకుపోతున్నాడు. తాడు అల్లకానికి పుల్లలతో పని లేదు. ఊళ్లో పదిమందికి చెప్పి వాళ్ల కుర్చీలు కూడా తెప్పించాడు. నెలాఖరు వచ్చింది, పోయింది. చేతినిండా కుర్చీలుండగా లాండ్రీకి ఎలా పోతుంది? "ఇవి పూర్తయ్యాక చెబుతాను," అని కబురు పంపింది బుట్టలక్క.

"ఏమిటండీ ఈ కుర్చీల మాయ?" అంది పిన్ని, పీట మీద కూర్చుని అన్నం తింటూ.

"బహుశా ఎలక."

"వరసగా, అడుగులు మాత్రమే, కత్తితో కోసినట్టు కొరికే ఎలకా?"

"పనితనం తెలిసిన ఎలక," అన్నాడు బాబాయి, కంచంలోకి చూస్తూ.

చలి ముదిరింది. పొద ఆకులన్నీ రాల్చేసి ఊదారంగు పుల్లల మోపులా నిలబడింది. ఆలివ్ కాదని తేలిపోయింది. ప్రెసిడెంటు కాగితం నలిగి నలిగి పాత చొక్కాలా మెత్తబడింది. ఆదివారం ఉదయం కమిటీ అంతా పొద చుట్టూ చేరింది. బాబాయి భూతద్దం పెట్టి మొగ్గని చూశాడు. "ఒకటే టోపీ," అన్నాడు.

"అయితే?"

"కొమ్మలు కోసి పరీక్షించాలి."

"కోసుకోండి సార్, మహాప్రభో! ఎన్ని కావాలి?"

"రెండొందలు."

ప్రెసిడెంటు కమిటీ కేసి తిరిగి చూశాడు.

"పరీక్షకి... రెండొందలా?"

"జానెడు పొడవు, పెన్సిలంత మందం. ముల్లు నిలవాలంటే ఒక్క తూకం చాలదు కదండీ. బహుశా మిగిలిన పొడుగు కొమ్మలు కూడా కోసి కట్టలు కట్టి ఎండబెట్టాలి."

"అది ఏ పరీక్ష?"

"ఎండు పరీక్ష."

మొదలు మాత్రం ఉండనిచ్చి మిగతాదంతా కోసుకోవడానికి ప్రెసిడెంటు ఒప్పేసుకున్నాడు. పొద పొట్టిదైతే సగం పని అయినట్టే కదా అని ఆయన ఆనందం. బాబాయి బుట్టలక్కని పిలిచాడు. "నీ కత్తెర కావాలమ్మా. చెయ్యి కూడా."

బుట్టలక్క మొదటి కొమ్మ కోసింది. కోసిన చెయ్యి ఊరుకోలేదు, ముప్ఫై ఏళ్ల అలవాటు. కొమ్మని మణికట్టు చుట్టూ ఒక చుట్టు చుట్టింది. విరగలేదు. రెండో చుట్టు చుట్టింది. విరగలేదు. గోటితో బెరడు గీకింది. అడుగున తెల్లటి, నున్నటి పుల్ల కనబడింది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"బాబాయ్... ఇవి నా పుల్లలు."

"బహుశా."

"బహుశా ఏమిటి! నా చేతికి తెలియదా? పన్నెండేళ్లు... పన్నెండేళ్లు దీనిమీద తుడుపుగుడ్డ ఆరేశాను!" అని బుట్టలక్క అక్కడే నేలమీద కూలబడి పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నది ఆ గుడ్డతోనే.

పిన్ని మాత్రం నవ్వలేదు. "ఇదే ముక్క వానాకాలంలో ఒక కొమ్మ వంచి చూస్తే తేలేది కాదూ? ఆర్నెల్లు ఆవిడని ఏడిపించారు," అని మొగుణ్ని కడిగేసింది. బాబాయి బుర్ర గోక్కున్నాడు.

ఆ సాయంత్రమే కమిటీ మీటింగు. ప్రెసిడెంటు ఎలాగైనా పేరు రాయించుకోవాలని చూశాడు. "వేళ్లు చూడకుండా ఎలా చెప్పనండీ?" అని బాబాయి అక్కడ రెండు గంటలు సాగదీశాడు. వేళ్లు పట్టించడానికి గుచ్చి పెట్టమని ఆయన చెప్పి వెళ్లిన ప్రకారం, ఇక్కడ పెరట్లో ఆడవాళ్లిద్దరూ బేకరీ నుంచి తెచ్చిన చెక్కపెట్టెల్లో ఇసుకమట్టి నింపి రెండొందల కొమ్మలూ గుచ్చేశారు. బుట్టలక్క కట్టలోంచి తీసి అందిస్తుంటే పిన్ని గుచ్చింది. బాబాయి వచ్చేలోపల పెట్టెల మీద గోనెపట్టాలు కప్పి, చేతులు కడుక్కుని, ఇద్దరూ టీ కూడా తాగేశారు.

మూడు వారాలకి పట్టా ఎత్తి చూసి బాబాయి నిలువుగుడ్లేశాడు. మొలకలు వచ్చాయి. ఒక కొమ్మకి మొలక పైకి పోతోంది. పక్కదానికి కిందకి దిగి, నేలని చూసి జడుసుకున్నట్టు మళ్లీ పైకి తిరిగింది. దాని పక్కది పైకి. దాని పక్కది మళ్లీ కిందకి. పెట్టె పొడుగునా అంతే, ఒకటి మామూలుగా, ఒకటి తలకిందులుగా.

"బుట్టలమ్మా, కట్ట ఎలా పేర్చావు?"

"ఎలా పేరుస్తాం బాబాయ్? ఒకటి మొదలు ఇటు, ఒకటి మొదలు అటు. లేకపోతే బుట్ట ఒక పక్కకి ఒరిగిపోదూ?"

బాబాయి పట్టా మడిచి పక్కన పెట్టాడు. అల్లేవాళ్లు పుల్లల్ని అలాగే పేరుస్తారు. అది ఆవిడ వృత్తిధర్మం. పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంద కొమ్మలు నిలబడి ఉన్నాయి, వంద కొమ్మలు తలమీద నిలబడి ఉన్నాయి.

"చచ్చిపోతాయా?" బుట్టలక్క పెట్టె మీదికి వంగింది.

బాబాయి ఒకదాని పక్కన వేలితో ఇసుక తవ్వి చూశాడు. తెల్లటి వేరు, దారప్పోగులా ఉంది. తల వైపునుంచే, పాపం, వేరు పుట్టించింది. ఆయన మట్టి మళ్లీ కప్పేసి, లోపలికి పోయి, అట్టముక్క మీద పెన్సిలుతో "తలకిందులు, బహుశా" అని రాసి తెచ్చి ఆ పెట్టెకి కట్టాడు. ఆ రోజునుంచీ వాటికే ఓ గుక్కెడు నీళ్లు ఎక్కువ పోసేవాడు. ఆ మొలకలు వంగి పైకి లేచిన తీరు అచ్చం ప్రశ్నార్థకంలా ఉండేది. ఆయనకి అంత నచ్చడానికి బహుశా అదే కారణం.

చలి తగ్గింది. కాంట్రాక్టరు పలుగూ పారా పెరటి గేటు దగ్గరికి వచ్చేశాయి. పెట్టెల్లో రెండొందల మొక్కలూ ఆకులు తొడిగాయి. ఎండిన పొడుగు పుల్లల కట్టలు పదిహేడు బుట్టలక్క కొట్లో గోడకి ఆనించి ఉన్నాయి. ఈ ఏడాదికి అవి, వచ్చే ఏడాదికి ఇవి. నాటడానికి బేకరీ వెనక కాలువ గట్టున స్థలం సిద్ధంగా ఉంది. బేకరీవాడే తోపుడుబండి పంపించాడు.

ప్రెసిడెంటు ఆ పాతచొక్కాలాంటి కాగితం మళ్లీ తెచ్చాడు. ఆశ కూడా లేదు ఆయన ముఖంలో, అలవాటు కొద్దీ తెచ్చాడు. బాబాయి కలం అడిగి తీసుకున్నాడు. పెన్సిలు కాదు, కలం. గడిలో "ఊదా విల్లో" అని రాసి, కింద సంతకం పెట్టాడు.

ప్రెసిడెంటు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "దీని పక్కన... ఆ మాట రాయలేదేం?"

"అక్కర్లేదండీ."

"మరి ఆకులు జంటలుగా ఉంటే విల్లో కాదన్నారు?"

"కాదనలేదు, తేలలేదన్నాను. నాకు తెలిసిన విల్లోల్లో ఆకులు అలా జంటగా పెట్టేది ఇదొక్కటే. మొగ్గకి ఒకటే టోపీ. బెరడు లోపల పసుపు. పరమ చేదు." అంటూ బాబాయి చొక్కా జేబులోంచి ఒక రేకు చీటీ తీసి మొదటి పెట్టెకి తీగతో బిగించాడు.

పిన్ని వంగి చూసింది. అక్షరాలు లోతుగా, వరసగా, ఒక్కోటి ఒక్కో సుత్తిదెబ్బ. ఆ ఇంట్లో నాలుగో రేకు చీటీ. "ఊదా విల్లో. బుట్టలకి." దాని కింద చిన్న అంకెల్లో తేదీ.

ప్రెసిడెంటు కళ్లజోడు సవరించుకున్నాడు. "జులై ఏడు... బాబాయిగారూ, జులై ఏడంటే నేను మొట్టమొదట కాగితం తెచ్చిన వారం కదూ?"

"తెచ్చే ముందు రోజు," అంది పిన్ని నెమ్మదిగా. పిండిన తడిగుడ్డలాంటి ముఖం, మధ్యాహ్నం టక్ టక్, ఎలక కొరికిన కుర్చీలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె బుర్రలో వచ్చి కూర్చున్నాయి.

"అంటే... అప్పుడే తెలుసా మీకు?" ప్రెసిడెంటు గొంతు పైకి లేచింది. "పేరు చెబితే మర్నాడే పీకించేస్తానని... ఆకు రాలాక కోస్తే గానీ కొమ్మలు సరిగా వేరు పట్టవని... ఇన్ని నెలలూ నన్ను ఆలివ్ చుట్టూ, టోపీల చుట్టూ... తెలిసే?"

అందరూ బాబాయి కేసి చూశారు.

"బహుశా," అన్నాడు బాబాయి.

ప్రెసిడెంటు కాసేపు ఆయన్ని చూశాడు, బుట్టలక్కని చూశాడు, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి వంగి, పెట్టె ఒక చివర పట్టుకున్నాడు. "ఎటు ఎత్తాలో చెప్పండి. ఇందులో తలలెటో, కాళ్లెటో నాకు తెలియదు."

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?" అంది బుట్టలక్క.

"మొక్క చేతికి రాకుండా నీకు మాట చేతికివ్వడం ఎందుకని."

పెట్టెలన్నీ బండికెక్కాయి. చివరిది తలకిందులు అని చీటీ కట్టిన పెట్టె. దాన్ని బాబాయే మోసుకొచ్చి బుట్టలక్క చేతుల్లో పెట్టబోతూ, ఒక్క క్షణం ఆగి పెన్సిలు చీటీని చూశాడు.

"ఈ తలకిందులవి కూడా బతుకుతాయా బాబాయ్?"

పిన్ని పెదవులు అలవాటు కొద్దీ ఆ మాట ముందే పలకడానికి తయారైపోయాయి.

"బతుకుతాయి," అన్నాడు బాబాయి.

పిన్ని చటుక్కున చెయ్యి చాచి ఆయన నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. బాబాయి పెట్టెని బుట్టలక్క చేతుల్లో పెట్టి, చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.